పార్వతి కిటికీలో దీపం ఎందుకు పెట్టలేదు

శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ ‘దేవదాసు’ నవల 1917లో అచ్చయింది. తెలుగునాట ఆ కథ తెలియనివారు అరుదు. అయితే తెలిసినవారిలో ఎక్కువమందికి అది 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమా ద్వారా తెలిసింది. దేవదాసు అనగానే అక్కినేని నాగేశ్వరరావు ముఖం, పార్వతి అనగానే సావిత్రి కళ్లు వాళ్ల మనసులో మెదులుతాయి. నవలను పుస్తకంగా చదివినవారు అంతకంటే చాలా తక్కువ. చదివినవారిలోనూ చివరి అధ్యాయంలో రెండు వాక్యాల నడుమ దాటిపోయే ఒక రాత్రి దగ్గర ఆగినవారు ఇంకా తక్కువ. హనుమకొండలో ఉంటూ బొమ్మలు వేసుకునే నేను ఆ రాత్రినే నూనె రంగుల్లో వేశాను. వేస్తున్నంత కాలమూ, వేసిన తర్వాత కూడా, మిత్రులతో ఒకే విషయం మీద వాదం సాగుతూ వచ్చింది: రచయిత చూపించని క్షణంలోకి చిత్రకారుడు ఎంతవరకు వెళ్లవచ్చు? ఆ వాదంలో నా పక్షం ఏమిటో నింపాదిగా, పూర్తిగా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఘట్టం. జబ్బు ముదిరి, ఇక బతకనని తెలిసిపోయిన దేవదాసు, ప్రాణం పోయేలోగా పార్వతి గడప దాకా చేరాలని పాండువా స్టేషన్లో రైలు దిగి, ఎడ్లబండి మాట్లాడుకొని, ఆమె మెట్టినిల్లయిన హాతీపోత గ్రామానికి బయలుదేరతాడు. రెండు రోజుల ప్రయాణం. జ్వరంతో బండిలో పడుకొని, ఇంకెంత దూరమని మాటిమాటికీ అడుగుతూ, తొందరగా చేరిస్తే వంద రూపాయలిస్తానని బండివాడికి చెబుతాడు. అర్ధరాత్రి వేళ బండి ఆమె భర్త అయిన జమీందారు ఇంటి ముందున్న రావిచెట్టు కింద ఆగుతుంది. దిగమంటే పలుకు లేదు. కందిలి దగ్గరికి తెచ్చి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. అప్పుడా బండివాడు తనకు తోచిన ఉపాయంతో రావిచెట్టు చుట్టూ కట్టిన గద్దె మీద గడ్డి పరిచి, ఎంతో కష్టపడి అతన్ని తెచ్చి దాని మీద పడుకోబెడతాడు. దేవదాసు జేబులోంచి వంద రూపాయల నోటు తీసి ఇస్తాడు. బండివాడు దాన్ని తన పైదుప్పటి కొంగున ముడి వేసుకుంటాడు. బయట ఇంకెవరూ లేరు, జమీందారు ఇల్లు నిద్రలో ఉంది. శాలువా ముఖం దాకా కప్పి ఉన్న దేవదాసు ముందు కందిలి వెలుగుతూ ఉంటుంది, ఈ కొత్త స్నేహితుడు కాళ్ల దగ్గర కూర్చొని ఆలోచిస్తూ ఉంటాడు. ఆ వెంటనే తెల్లవారుతుంది.

తెల్లవారిన తర్వాత జరిగింది శరత్ వివరంగానే చెప్పాడు. జనం గుమిగూడటం, జమీందారు రావడం, ప్రాణం పోవడం, శవాన్ని తాకడానికి ఊళ్లోవాళ్లు ముందుకు రాకపోవడం, జేబులో దొరికిన ఉత్తరాల వల్ల ఆ మనిషి ఎవరో తెలియడం, పార్వతికి సంగతి తెలిసేసరికి అంతా అయిపోవడం, ఆమె పరుగు, ఆమె పడిపోవడం, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. లేనిది ఆ కొన్ని గంటలే. గద్దె మీద చావుకు దగ్గరైన మనిషి, అతని కాళ్ల దగ్గర పేరు తెలియని మరో మనిషి, గోడకు అవతల నిద్రపోతున్న ఇల్లు. నేను గీయదలచుకున్నది అదే.

తొలి స్కెచ్‌లో గద్దెను ముందు పెట్టి, వెనక జమీందారు మేడను చీకటి దిమ్మలా నిలబెట్టాను. దాన్ని చూసిన ఒక మిత్రుడు, నాకంటే పెద్దవాడు, చేయి తిరిగిన చిత్రకారుడు, “పై కిటికీల ఒక చిన్న దీపం పెట్టు, బొమ్మ నిలబడ్తది” అన్నాడు. రంగుల లెక్కలో ఆయన చెప్పింది సరైనదే. కింద కందిలి వెచ్చని వెలుగు, పైన దానికి జవాబుగా మరో వెలుగు చుక్క, నడుమ చీకటి. చూపు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరుగుతూ ఉంటుంది. పైగా ఆ కిటికీలో దీపం ఉంటే పార్వతి మేలుకొని ఉన్నట్టు, ఏదో తెలియని కలత ఆమెను నిద్రపోనివ్వనట్టు చూసినవారికి క్షణంలో అర్థమైపోతుంది. బొమ్మ అమ్ముడుపోవడానికీ అది పనికొచ్చే దీపమే. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదన్నదే నా వాదానికి కీలకం.

నవలలో మనకు కనిపించనివన్నీ ఒక్క రకం కావు. కొన్నింటిని రచయిత దాటవేస్తాడు, కథ నడకకు అవి అవసరం లేదు గనుక. బండివాడు ఎడ్లను ఎప్పుడు విప్పాడు, కందిలిలో నూనె ఎంత ఉంది, అతను ఒక్క కునుకైనా తీశాడా అన్నవి అలాంటివి. మరికొన్నింటిని రచయిత తెలిసి తెలిసి మూసిపెడతాడు, అవి తెరిస్తే కథ ప్రాణమే పోతుంది గనుక. ఆ రాత్రి పార్వతి గది అలాంటిది. ఆ ఇల్లు నిద్రలో ఉందని శరత్ రాశాడు. ఆ ఒక్క మాటలో ఉన్న కాఠిన్యం మీదే ఆ ముగింపు నిలబడి ఉంది. ఇంత దూరం ఈడ్చుకుంటూ వచ్చిన మనిషి ఇంటి ముందు పడి ఉంటే, ఎవరి కోసం వచ్చాడో ఆ మనిషికి ఏమీ తెలియలేదు. కన్ను అదరలేదు, గుండె ఉలికిపడలేదు, పీడకల రాలేదు. లోకం ప్రేమించినవాళ్ల కోసం ఆగదు, ముందుగా కబురు పంపదు. కిటికీలో దీపం పెడితే ఆ కాఠిన్యం కరిగి ఓదార్పుగా మారుతుంది. ఎక్కడో ఒక బంధం పని చేస్తూనే ఉందని చూసేవారు ఊరట పొందుతారు. శరత్ ఇవ్వని ఊరటను నా బొమ్మ ఆయన పేరు మీద పంచిపెట్టినట్టు అవుతుంది. మొదటి రకం ఖాళీలోకి చిత్రకారుడు నిస్సంకోచంగా వెళ్లవచ్చని, రెండో రకం ఖాళీ ముందు ఆగిపోవాలని నా నమ్మకం.

దీనికి ఎదురు చెప్పేవారికి బలమైన సాక్ష్యమే ఉంది. 1935లో ప్రమథేశ్ బారువా బెంగాలీలో తీసిన ‘దేవదాస్’లో, రైల్లో జ్వరపు మగతలో దేవదాసు అరిచిన క్షణాన ఎక్కడో దూరంగా ఉన్న పార్వతి తూలిపడుతుంది. రెండు చోట్లను కత్తిరించి పక్కపక్కన అతికిన ఆ కూర్పును సినిమా చరిత్ర తెలిసినవారు ఇప్పటికీ తలుచుకుంటారు. నవలలో లేనిదాన్ని చేర్చి కూడా గొప్ప పని చేయవచ్చనడానికి అది ఉదాహరణ అని నాతో వాదించినవారున్నారు. గొప్ప పనే, కాదనను. కానీ సినిమాకు కాలం చేతిలో ఉంటుంది. పార్వతి తూలిపడిన క్షణం గడిచిపోతుంది, ఆ కలత దాటిపోతుంది, ప్రేక్షకుడు ముందుకు వెళ్లిపోతాడు. బొమ్మలో ఏదీ దాటిపోదు. కిటికీలో ఒకసారి దీపం పెడితే అది ఆరదు. పార్వతి ఎప్పటికీ మేలుకొనే ఉంటుంది, ఎప్పటికీ ఎదురుచూస్తూనే ఉంటుంది. 1766లో జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ ‘లావకోవన్’ అనే గ్రంథంలో చెప్పిన విషయం ఇదే: కవికి వరుసగా ఎన్నో క్షణాలు దొరుకుతాయి, చిత్రకారుడికి దొరికేది ఒక్కటి, కాబట్టి చూసేవారి ఊహకు చోటు మిగిల్చే క్షణాన్ని ఏరుకోవాలి, ఉద్వేగం పరాకాష్ఠకు చేరిన క్షణాన్ని కాదు. పార్వతి గేటు వైపు పరిగెత్తే దృశ్యాన్ని గీయాలని నాకు ఎన్నడూ అనిపించకపోవడానికి కారణం కూడా అదే.

దాచడం కూడా చిత్రకళలో ఒక పనితనమేనని పూర్వులకు తెలుసు. ప్రాచీన గ్రీకు చిత్రకారుడు తిమాంథిస్, గ్రీకు పురాణకథలోని రాజకుమార్తె ఇఫిజెనియా బలిని గీస్తూ, చుట్టూ ఉన్నవారందరి ముఖాల్లో దుఃఖాన్ని చూపించి, కన్నతండ్రి ముఖాన్ని మాత్రం వస్త్రంతో కప్పేశాడని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. నాకు ఈ విషయంలో శరత్ స్వయంగా సాయం చేశాడు. శాలువా దేవదాసు ముఖం దాకా వచ్చి ఉందని ఆయనే చెప్పాడు. మన దగ్గర దేవదాసు ముఖం గీయడమంటే ఒక నటుడి ముఖాన్ని తప్పించుకోలేకపోవడమే. ఆ శాలువా నన్ను ఆ ఇబ్బంది నుంచి కాపాడింది, బొమ్మ బరువును బండివాడి మీదకు మళ్లించింది.

కాళిదాసును తలుచుకోకుండా ఈ సంగతి ముందుకు సాగదు. శాకుంతలం ఆరో అంకంలో దుష్యంతుడు తన చేత్తో గీసిన శకుంతల బొమ్మను చూసుకుంటూ, ఇందులో ఇంకా వేయవలసినవి ఉన్నాయని విదూషకుడికి చెబుతాడు. అతను చెప్పే జాబితా చూడండి. ఇసుక తిన్నెల మీద హంసల జంటలున్న మాలినీ నది వేయాలి, దాని ఇరువైపులా లేళ్లు పడుకొని ఉన్న హిమవంతపు చరియలు వేయాలి, కొమ్మలకు నారచీరలు వేలాడుతున్న చెట్టు కింద ఒక ఆడజింక మగజింక కొమ్ముకు తన ఎడమ కన్ను రాసుకుంటూ ఉండాలి. భార్యను పోగొట్టుకొని కుములుతున్న మనిషి, బొమ్మలో కొరతగా ఉన్నది ఆమె చూపో నవ్వో అనడు. ఆమె చుట్టూ ఉన్న లోకం కొరతగా ఉందంటాడు. అంతకంటే ముఖ్యం ఆ జింక. కొమ్ము మొనకు కన్ను రాసుకోవాలంటే అవతలి ప్రాణి కదలదన్న నమ్మకం ఎంత ఉండాలి! అలాంటి నమ్మకాన్నే ఆ రాజు నిండు సభలో వమ్ము చేసి వచ్చాడు. ఆ మాట అతను పైకి అనడు, కాళిదాసు అనిపించడు. రంగస్థలం మీద మనం చూడని ఆశ్రమపు క్షణం ఒకటి బొమ్మకు పథకంగా మాత్రమే మన ముందుకు వస్తుంది, అనవలసిందంతా జింక అంటుంది. కథలో కనిపించని క్షణాన్ని గీయదలచినవారికి ఇంతకంటే మంచి పాఠం నేనెక్కడా చదవలేదు. ప్రధాన పాత్ర మనసును సూటిగా తవ్వకుండా, ఆ క్షణంలో తప్పకుండా ఉండి ఉండే వస్తువులను, ప్రాణులను పట్టుకోవాలి.

కాబట్టి నాకు కావలసింది ఆ రాత్రి తప్పకుండా ఉండి ఉండే వస్తువులు. వాటి కోసం పరకాల వైపు ఉన్న మా ఊరికి, మా పెద్దబాపు, అంటే పెదనాన్న, దగ్గరికి వెళ్లాను. ఆయన వయసులో ఉన్నప్పుడు రాత్రుళ్లు బండి కట్టుకొని వరంగల్ గ్రెయిన్ మార్కెట్‌కు పత్తీ పల్లికాయా తోలినవాడు. నవల ఘట్టం మొత్తం చెప్పి, బండి ఆగిన తర్వాత బండివాడు ఏం చేస్తాడని అడిగాను.

“బండి ఆపంగనే మనిషి కూసోడు బిడ్డా. ముందుగాల ఎడ్లను ఇడువాలె, నీళ్లు చూపియ్యాలె, గడ్డెయ్యాలె. రెండొద్దులు నడిచిన ఎడ్లాయె. ఆటి కడుపు నిండినంకనే మన సంగతి.”

ఈ మాటతో బొమ్మలో ఒక కొత్త విషయం తెరుచుకుంది. ఎడ్లబండిలో ఉండే గడ్డి చాలావరకు ఎడ్ల మేతే. గద్దె మీద దేవదాసు కింద పరిచిన గడ్డి ఆ ఎడ్లకు దక్కవలసిన గడ్డి అయి ఉంటుంది. శరత్ ఆ లెక్క చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు, కానీ ఆయన రాసినదానికి అది ఎక్కడా అడ్డు రాదు. అందుకని నా బొమ్మలో ఎడ్లు కాడి దించి ఉన్నాయి. ఒకటి ముందుకాళ్లు మడిచి పడుకుంటోంది. రెండోది మెడ చాచి, గద్దె అంచున వేలాడుతున్న గడ్డిపోచలను అందుకోబోతోంది, ఆ పోచలు దేవదాసు శాలువా కిందికి పోయి ఉన్నాయి. కాళిదాసు జింకను మనసులో పెట్టుకొనే ఆ ఎద్దును వేశానని చెప్పుకోవడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

పెద్దబాపుతో ఒక విషయంలో మాత్రం ఏకీభవించలేదు. రాత్రిపూట బండివాడి భుజం మీద గొంగడి లేకపోవడమేమిటని ఆయన పట్టుబట్టాడు. మా వైపు బండివాడైతే గొంగడే ఉంటుంది, అది వేస్తే బొమ్మకు ఎంత అందం వస్తుందో కూడా నాకు తెలుసు. కందిలి వెలుగులో నల్లగొంగడి అంచు మీద నూగు మెరవడం గీయడానికి ఎంతో బాగుంటుంది. కానీ ఈ బండివాడు బెంగాల్ మనిషి. అంతకంటే ముఖ్యంగా, అతను నోటును కొంగున ముడి వేశాడని నవలలో ఉంది. దళసరి గొంగడి అంచున కాగితం నోటు ముడి నిలవదు. పలచని నూలు దుప్పటి కొంగునే నిలుస్తుంది. ఆ చిన్న ముడి నాకు బొమ్మ మొత్తంలో రెండో ముఖ్యమైన చోటు. కందిలి వెలుగు నేరుగా పడేలా దాన్ని అతని మోకాలి మీదికి తెచ్చాను. కాగితపు మొన దుప్పటి నేతను లోపలి నుంచి కొద్దిగా ఎత్తి పట్టి ఉంటుంది. గుండ్రంగా ఉండవలసిన ముడికి ఒక పక్క కోణం వచ్చింది. అది నాణేల ముడి కాదని దగ్గరికి వచ్చి చూసినవారికి తెలుస్తుంది.

ఆ ముడి గురించే పెద్దబాపును మరో ప్రశ్న అడిగాను. కూలి ముట్టింది, అదీ వంద రూపాయలు, ఆ కాలానికి అది ఎంత పెద్ద మొత్తమో చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి, చూసేవాళ్లు లేరు, చచ్చిపోయేలా ఉన్న మనిషి దగ్గర ఉంటే పొద్దున్నే తన మీదికి ఏం వచ్చి పడుతుందో తెలియదు. అయినా ఎందుకు పోలేదు?

“అప్పజెప్పకుంట ఎట్ల పోతడు? సరుకైనా మనిషైనా, అందుకునేటోడు రావాలె, అప్పజెప్పాలె. అప్పటిదాంక బండోని మీదనే ఉంటది.”

కాళ్ల దగ్గర కూర్చొని ఆలోచిస్తున్నాడని శరత్ రాశాడు, ఏం ఆలోచిస్తున్నాడో రాయలేదు. నాకు ఆ తర్వాత సందేహం మిగల్లేదు. తెల్లవారితే ఈ మనిషిని ఎవరికి అప్పజెప్పాలన్నదే అతని ఆలోచన. అతని దగ్గర పేరు లేదు. ఆ మనిషి ఎవరో తెలియడానికి మర్నాడు జేబులోని ఉత్తరాలు విప్పవలసి వచ్చిందంటే, బండివాడికి తెలియదనే కదా అర్థం. ఈ ఇంటికే ఎందుకు రావాలనుకున్నాడో తెలియదు. తెలిసిందల్లా ఈ గడప దాకా చేర్చమన్నాడన్నది. మా వైపు దొరల గడీల ముందు, ఎప్పుడు తెరుస్తారో తెలియని తలుపు వంక చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నవాళ్ల సంగతులు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినబడతాయి గనుక, ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో మాకు మరొకరు చెప్పనవసరం లేదు.

వెలుగు గురించి క్లుప్తంగా చెబుతాను. రావిచెట్టు కింద కందిలి వెలిగించి పెట్టి చూసుకున్నాకే రంగు తాకాను. కందిలి నుంచి రెండింతల దూరం జరిగితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి అది కాళ్లను, మోకాలిని, గడ్డిని చూపిస్తుంది తప్ప ఇంటి గోడను చూపించలేదు. నూనె తిత్తి నీడ కందిలి చుట్టూ గుండ్రంగా పడుతుంది. దీపం కింద చీకటి అని మనం అలవాటుగా అనే మాట కళ్లముందు అచ్చంగా కనిపిస్తుంది. వెలుగు కింది నుంచి పడుతుంది గనుక ఆకుల అడుగు భాగం వెలుగుతుంది, పైభాగం చీకటిలో కలిసిపోతుంది. చీకటికి ట్యూబు నలుపు ఎక్కడా వాడలేదు. బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు, అల్ట్రామెరైన్ నీలం కలిపితే వచ్చే నలుపు లోతైనది, పైగా మనం చెప్పినట్టు వింటుంది; అంబర్ కాస్త ఎక్కువైతే వెచ్చబడుతుంది, నీలం ఎక్కువైతే చల్లబడుతుంది. దేవదాసు వైపు చీకటిని చల్లగా, ఎడ్ల వైపు చీకటిని వెచ్చగా ఉంచాను.

ఇక అసలు అభ్యంతరం. ఒక స్నేహితురాలు, సాహిత్యం లోతుగా చదివినది, “బండివాడికి రాత్రంతా ఇచ్చి పార్వతికి గోడ ఇచ్చావు. జమీందారు చేసిన పనే నువ్వూ చేశావు” అంది. దీపం పెట్టమన్న పెద్దాయన మాటకంటే ఈ మాట చాలా బరువైనది. పార్వతిని నిద్రపోతున్న ఇంట్లో ఒక భాగంగా వదిలేయడం న్యాయమేనా? ఆమెకు ఆ రాత్రిలో చోటు లేదా?

నవల చివరి పుటలోకి మళ్లీ వెళితే అక్కడ సమాధానం దొరికింది. పడిపోయిన పార్వతికి మర్నాడు స్పృహ వస్తుంది. ఎవరితోనూ మాట్లాడదు. ఒక దాసీని మాత్రం పిలిచి, రాత్రి వచ్చారు కదూ, రాత్రంతా ఉన్నారు కదూ అన్నట్టు ఒక్క మాట అడుగుతుంది. ఆ తర్వాత మౌనం. నవలలో పార్వతి పలికే ఆఖరి మాట అదే. శవాన్ని గురించి అడగలేదు, ఉత్తరాల్లో ఏముందని అడగలేదు. రచయిత ఒక్క మాటలో దాటించిన ఆ రాత్రిని గురించే అడిగింది. అప్పుడు ఎక్కడ పడి ఉన్నాడు, ఎలా ఉన్నాడు, ఒంటరిగా ఉన్నాడా, ఎవరైనా దగ్గరున్నారా అన్న ప్రశ్నలన్నీ ఆ రెండు ముక్కల్లో ఉన్నాయి. దాసీకి జవాబు తెలియదు. జమీందారుకు తెలియదు, ఆమె సవతి కొడుకు మహేంద్రుడికి తెలియదు. లోకంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆ బండివాడు. అతన్ని ఎవరూ పార్వతి ముందుకు తీసుకురారు.

దీపం పెట్టకపోవడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు అక్కరలేదు. ఆ రాత్రి పార్వతిని మేలుకొలిపితే ఆమె ఆఖరి మాట అర్థం లేనిదవుతుంది. ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ప్రశ్నను దీపం దోచుకుంటుంది. పార్వతికి న్యాయం చేయడమంటే ఆ రాత్రిలోకి ఆమెను తీసుకురావడం కాదనీ, ఆమె అడిగినదానికి జవాబు గీయడమనీ నాకు అప్పుడు స్పష్టమైంది.

దానితో బొమ్మ చూపు మొత్తం తిప్పాను. స్కెచ్‌లో రోడ్డు మీద నిలబడి ఇంటి వైపు చూస్తున్నాం. ఇప్పుడు ఇంటి గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాం. మేడ లేదు, కిటికీ లేదు. ఎడమ అంచున గేటు స్తంభం చీకటి పట్టీలా నిలువుగా ఉంది, అంతే. ఆ రాత్రి పార్వతి మేలుకొని, మెట్లు దిగి, తలుపు తీసుకొని వచ్చి ఉంటే ఎక్కడ నిలబడేదో, బొమ్మ చూసేవారు సరిగ్గా అక్కడ నిలబడతారు. బండివాడు, అప్పజెప్పడానికి ఎవరు వస్తారా అని, గేటు వైపే చూస్తున్నాడు. నా స్నేహితురాలు ఈ మార్పు చూసి, ఇది తప్పించుకోవడం కాదా అంది. పార్వతి కళ్లు గీయలేదు గానీ ఆమె చూడవలసినదంతా గీశానని చెప్పాను. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేను పట్టుబట్టడం లేదు గానీ, నా వాదాన్ని వదులుకోవడానికి తగిన కారణం ఆమె మాటల్లో నాకు కనిపించలేదు.

చిత్రకారుడు నవలకు బానిసా, స్వేచ్ఛ లేదా అని అడిగేవారికి కూడా ఒక మాట చెప్పాలి. బండివాడు, ఎడ్లు, రావిచెట్టు వేసి, వాటికి దేవదాసుతో సంబంధం లేదని చెప్పుకొనే స్వేచ్ఛ ఎవరికైనా ఉంది. అప్పుడు కిటికీలో దీపమే కాదు, ఆకాశంలో రెండు చందమామలు వేసినా అడిగేవారుండరు. కానీ నా బొమ్మలో గడ్డి మీద పడుకున్నది దేవదాసు అని తెలిసినందువల్లే చూసేవారి గుండె బరువెక్కుతోంది. ఆ బరువు శరత్ కూడబెట్టినది. అతని దగ్గర అప్పు తెచ్చుకొని, అతను రాసినదాన్ని తిరగరాయడం నాకు సమ్మతం కాదు.

నవల చదవనివారికి ఈ బొమ్మ ఏం చెబుతుందన్న ప్రశ్న కూడా వచ్చింది. బొమ్మ ఏ కథ సాయమూ లేకుండా ఒంటరిగా నిలబడాలని చాలామంది గట్టిగా నమ్ముతారు. మా ప్రాంతపు చిత్రకళ ఆ నమ్మకంతో పుట్టలేదు. చేర్యాలలోని నకాశీ చిత్రకారులు చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన ఖాదీ గుడ్డ మీద, ఎర్రని నేపథ్యంలో గీసిన పటాలు గోడకు వేలాడదీయడానికి గీసినవి కావు. కాకిపడగలవాళ్లు, కూనపులివాళ్లు, గౌడజెట్టివాళ్లు వంటి కథకులు ఊరూరా వాటిని విప్పి, ఒక్కో దృశ్యాన్ని చూపిస్తూ, తమను పోషించే కులాల పురాణాలు పాడి చెప్పడానికి గీసినవి. ఒక దృశ్యానికీ తర్వాతి దృశ్యానికీ నడుమ పూల అంచు ఉంటుంది. ఆ అంచు దగ్గర జరిగినదాన్ని బొమ్మ చూపదు, గొంతు చెబుతుంది. ఎంతవరకు గీయాలో నకాశీకి తెలుసు, ఎంతవరకు చెప్పాలో కథకుడికి తెలుసు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది గనుక, బొమ్మను ఎక్కడ పెట్టినా వీలైనంతవరకు పక్కనే నిలబడి, పాండువా స్టేషన్ నుంచి దాసీని అడిగిన మాట వరకు కథ చెబుతున్నాను. విన్నవారిలో చాలామంది దేవదాసు గురించి అడగరు, అది వాళ్లకు తెలిసిందే. బండివాడికి తర్వాత ఏమైందని అడుగుతారు. అది పుస్తకంలో లేదని చెబుతాను, నా తరఫున ఏమీ కలపను.